కిందికి దిగింది ఒక్కడే

ఏకై వచ్చి మేకై కూర్చున్నాడంటారు. మా సంసారంలో ఆ మేకు పేరు రింతారో. ఇరవై రెండేళ్ళవాడు, వెదురుగెడలా పొడుగ్గా ఉంటాడు, పని గోల్ కాపాడటం. హయాకవా క్లబ్బువాళ్ళకి అప్పటికే ఇద్దరు గోల్‌కీపర్లు ఉండటంతో, కుర్రాడు ఎక్కడైనా ఆడితే చెయ్యి తిరుగుతుందని ఒక ఏడాదికి మా షియోజు క్లబ్బుకి అరువిచ్చారు. వచ్చిన నెల తిరక్కుండానే వాడు మా ఆయన నిలబడే చోట నిలబడ్డాడు. మా ఆయన కెంగో వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

అది చాలదన్నట్టు వాడికి రోజూ వండి పెట్టాల్సింది నేనే. పెళ్ళికాని ఆటగాళ్ళు ఉండే క్లబ్బు హాస్టల్లో వంట నాది. నా మొగుడి నోట్లో మట్టి కొట్టినవాడికి నా చేత్తో అన్నం వడ్డించాలి. పాముకి పాలు పోయడం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మిసో సూపు గిన్నెలో పోసేటప్పుడు అడుగునున్న ముక్కలు వాడికి పడకుండా పైపైన ముంచేదాన్ని. చేప కాల్చిన రోజు అందరికీ నడుం ముక్క వేసి వాడికి తోక ముక్క వేసేదాన్ని.

ఒకరోజు వాడు పళ్ళెం వంక చూసి మురిసిపోయాడు. "తోక ముక్కంటే నాకిష్టమని మీకెలా తెలుసు వదినా? మా అమ్మ కూడా నాకదే పెట్టేది" అన్నాడు.

ఇలాంటివాణ్ణి ఏం చేస్తాం. మర్నాటి నుంచి నడుం ముక్క వేశాను. అదీ తిన్నాడు.

ఊళ్ళోకి వెళ్తే ఇంకో నరకం. చేపల దుకాణంలో వాడి ఫోటో. మంగలి షాపు అద్దానికి వాడి ఫోటో. బడిపిల్లలు వాడి నంబరున్న చొక్కాలు వేసుకుని తిరిగేవాళ్ళు. దుకాణాల వీధిలో క్లబ్బువాళ్ళు కట్టిన ఆటగాళ్ళ బొమ్మల జెండాల్లో మొదటిది వాడిది. మా ఆయన జెండా వెతగ్గా వెతగ్గా సైకిళ్ళు పెట్టేచోట దొరికింది, ముఖం గోడవైపు తిరిగి ఉంది. నేనే దాన్ని ఇటు తిప్పి వచ్చాను. మర్నాడు గాలికి మళ్ళీ అటే తిరిగింది.

పదేళ్ళు ఈ క్లబ్బుకి చాకిరీ చేసినవాడు కెంగో. మేము మూడో డివిజన్లో దిక్కులేకుండా పడి ఉన్నప్పుడు, ఆట చూడ్డానికి జనం కంటే కాకులు ఎక్కువ వచ్చే రోజుల్లో, వానలో నిలబడి గోల్ కాపాడినవాడు. రెండో డివిజన్‌కి ఎక్కిన రోజున జనం అతన్ని భుజాల మీద మోశారు. ఇప్పుడు అదే జనం రింతారో చెయ్యెత్తితే డప్పులు కొడుతున్నారు. జనానికేం, గాలి ఎటు ఉంటే అటు.

నాకు మండిపోయేది దానికి కూడా కాదు. మా ఆయనకి ఏమీ మండకపోవడానికి. మ్యాచ్ మొదలయ్యే ముందు రింతారో ఒళ్ళు వేడెక్కాలని వాడి మీదికి బంతులు తన్నేది కెంగోయే. వాడు మంచి బంతి ఆపితే బెంచీ మీద నుంచి మొదట చప్పట్లు కొట్టేదీ కెంగోయే. ఇంటికొచ్చి తన ఆట బట్టలు విప్పి ఇస్తే మడత నలిగేది కాదు, మట్టి చుక్క ఉండేది కాదు. ఉతకడానికి పని లేని ఆ బట్టలు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

"నీ ఒంట్లో ఉన్నది రక్తమా, మిసో సూపా?" అని అడిగాను ఒకసారి.

"వాడు బాగా ఆడుతున్నాడే చిగుసా" అన్నాడు, టీ ఊదుకుంటూ.

"నువ్వు ఆడలేవా?"

"ఆడమంటే ఆడతాను. ఆడమనట్లేదుగా."

ఇదీ వరస. నేను అతనికంటే ఏడాది పెద్ద, నోరు పదేళ్ళు పెద్ద. చేతకానివాడివని తిట్టేదాన్ని. నోట్లో వేలు పెడితే కొరకలేడని మా అమ్మతో చెప్పి ఫోన్లో మొత్తుకునేదాన్ని. అతను వినేవాడు, నవ్వేవాడు, చేతి తొడుగులు నీళ్ళలో కడిగి బాల్కనీలో ఆరేసుకునేవాడు, మట్టి అంటని తొడుగుల్ని.

ఆకులు పండబారే వేళకి మా క్లబ్బు పరిస్థితి దిగజారింది. గోల్ కొట్టేవాళ్ళిద్దరికీ దెబ్బలు తగిలాయి. పట్టికలో ఒక్కో మెట్టూ జారి చివరి మెట్ల దగ్గరికి వచ్చాం. అడుగున ఉన్న మూడు క్లబ్బులూ మూడో డివిజన్‌కి పోవాల్సిందే, బతిమాలుకునే వీలుండదు. అప్పుడొక సాయంత్రం క్లబ్బు డైరెక్టరు కెంగోని పిలిచి ఉన్న మాట చెప్పాడు. క్లబ్బు ఈ డివిజన్లో నిలబడితే ఇంకో ఏడాది ఆటగాడిగా ఉంచుకుంటాం, తర్వాత గోల్‌కీపర్లకి కోచ్‌గా తీసుకుంటాం. దిగిపోతే మాత్రం ముప్పై ఆరేళ్ళ రెండో గోల్‌కీపర్ని పోషించలేం, వేరే దారి చూసుకో. కెంగోకి వేరే దారి ఏముంది? పద్దెనిమిదో ఏట నుంచీ బంతి పట్టుకోవడం తప్ప ఇంకో పని ఎరగడు.

దాంతో నా కడుపుమంటకి కూడా నెమ్మది లేకుండా పోయింది. అంతకుముందు రింతారో గోల్ వదిలితే నాకు హాయిగా ఉండేది. ఇప్పుడు వాడు గోల్ వదిలితే మేము దిగిపోతాం, దిగిపోతే మా ఆయన రోడ్డున పడతాడు. వాడు ఓడిపోవాలి, క్లబ్బు గెలవాలి. ఏ దేవుడికి మొక్కినా ఈ రెండూ కలిపి ఇవ్వడు కదా.

ఇచ్చాడు. ఆఖరి మ్యాచ్ మా ఊళ్ళోనే, హయాకవాతో. మేము ఓడకుండా ఉంటే చాలు, ఈ డివిజన్లోనే ఉంటాం. వాళ్ళకి గెలుపే కావాలి, గెలిస్తే నేరుగా మొదటి డివిజన్‌కి ఎక్కుతారు. గెలవకపోతే మూడో స్థానంలో పడి, పైకెక్కడానికి మళ్ళీ చావుబతుకుల పోటీలు ఆడుకోవాలి. ఇక అసలు సంగతేమిటంటే, అరువొచ్చిన ఆటగాడు తన సొంత క్లబ్బు మీద ఆడకూడదని ఒప్పందంలోనే ఉంటుంది. అంటే ఆ రోజు రింతారో మైదానంలోకి దిగడానికి లేదు. గోల్‌లో నిలబడేది మా ఆయనే.

గుడికి వెళ్ళి చేతులు చరిచి దణ్ణం పెట్టుకున్నాను. వాళ్ళు పైకెక్కకూడదు అని కూడా కలిపి మొక్కాను. వాళ్ళు మొదటి డివిజన్‌కి ఎక్కితే రింతారోని వెనక్కి పిలుచుకుంటారని ఊరంతా అనుకుంటోంది. వాడు మొదటి డివిజన్లో ఆడుతూ టీవీలో కనిపిస్తాడు, మేమిక్కడ ఉప్పుగాలిలో పడి ఉంటాం. అది ఊహించుకుంటేనే నాకు అన్నం సయించలేదు.

మ్యాచ్ ముందురోజు సాయంత్రం, బియ్యం కడుగుతుంటే రింతారో వంటింట్లోకి వచ్చాడు. మిగతా కుర్రాళ్ళు ఇంకా స్నానాల దగ్గరే ఉన్నారు. వాడు గుమ్మం దగ్గరే నిలబడి కాలి బొటనవేలితో నేల గీరుతున్నాడు.

"వదినా, ఒక మాట అన్నకి చెప్పగలరా?"

"అన్న నీ పక్కనేగా రోజంతా ఉండేది. నువ్వే చెప్పు."

"నేనెలా చెప్తాను? ఆయనకి నేర్పేంతటి వాణ్ణా? ఆయన ఆట చూసి నేర్చుకున్నవాణ్ణి." వాడు ఇంకాస్త లోపలికి వచ్చి గొంతు తగ్గించాడు. "హయాకవాలో మా ఒనుకి కెప్టెన్ ఉన్నారు కదా, పెనాల్టీ వస్తే ఆయనే కొడతారు. కొట్టేముందు కీపర్ మోకాళ్ళ వంక చూస్తారు. కీపర్ ఏ పక్కకి వాలితే రెండో పక్కకి కొడతారు, అది అందరికీ తెలుసు. కానీ కీపర్ అసలు కదలకుండా ఆగితే మాత్రం ప్రతిసారీ కీపర్ కుడిచేతి వైపే, నేలబారుగా కొడతారు. ఆ సంగతి ఆయనకే తెలీదు. రెండేళ్ళు రోజూ ఆయన ముందు నిలబడ్డాను కాబట్టి నాకు తెలుసు."

నేను బియ్యం గిన్నె కింద పెట్టాను. "మీ వాళ్ళ గుట్టు మాకెందుకు చెప్తున్నావు? వాళ్ళు పైకెక్కితే నీకే కదా మంచిది."

"ఏడాదంతా నేను నిలబడ్డ గోల్ వదినా అది. నేను లేని రోజున పడిపోతే మీ చేతి అన్నం నాకెలా దిగుతుంది?" అని, వెళ్ళబోతూ ఆగాడు. "నేను చెప్పానని మాత్రం ఎక్కడా రాకూడదు. హయాకవాలో తెలిస్తే నన్ను బతకనివ్వరు."

మంచివాడిలా మాట్లాడితే నాకు అనుమానం ఎక్కువవుతుంది. ఇంటికెళ్ళి కెంగోకి అంతా చెప్పాను, దాచమన్న సంగతితో సహా. చెప్పి, నా మాట కూడా కలిపాను. "వాడు వాళ్ళ మనిషి. వాళ్ళు ఎక్కితే వాడూ ఎక్కుతాడు. నిన్ను కదలకుండా నిలబెట్టి ఎడం పక్కకి కొట్టిస్తాడేమో చూసుకో."

కెంగో గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు. "వాడు అబద్ధం చెప్పడే" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"చెప్పేవాడైతే నాకింత కష్టంగా ఉండేది కాదు" అన్నాడు. ఏం కష్టమని నేను అడగలేదు. గోళ్ళ సంగతేమో అనుకున్నాను.

మర్నాడు సముద్రం వైపు నుంచి గాలి సూదుల్లా గుచ్చుతోంది. స్టేడియం నిండిపోయింది. గోల్ వెనక అటు చివర హయాకవావాళ్ళు ఎర్ర కండువాలతో కిక్కిరిసి ఉన్నారు. పైకెక్కగానే విప్పడానికి పెద్ద బట్ట చుట్టిపెట్టుకున్నారు. మావాళ్ళు నీలం. రింతారో నల్ల కోటు వేసుకుని మా బెంచీ వెనక నిలబడ్డాడు. వాడు కోటులో కూడా బాగున్నాడు, దాచుకోవడం ఎందుకు.

మా ఆయన గోల్ దగ్గరికి నడుస్తుంటే నీలం జనం చప్పట్లు కొట్టారు. మర్యాదకి కొట్టే చప్పట్లు నాకు తెలుసు. పక్కన కూర్చున్న మంగలాయన "రింతారో ఉంటే బాగుండేది, ఏం చేస్తాం" అన్నాడు. కెంగో పెళ్ళాన్ని, నన్ను పక్కన పెట్టుకుని అన్నాడు. అతని జుట్టు పట్టుకుని లాగుదామంటే మంగలికే జుట్టు లేదు.

ముందు వాళ్ళు ఒకటి కొట్టారు. విశ్రాంతి తర్వాత మేము ఒకటి కొట్టాం. ఆ తర్వాత ఆట మా గోల్ ముందే జరిగింది. కెంగో మీదికి బంతులు మీద బంతులు వస్తున్నాయి. అతను పడుతున్నాడు, లేస్తున్నాడు, చొక్కా నిండా మట్టి. నాకు ఆ మట్టి చూస్తే కడుపు నిండింది. ఇంకాసేపట్లో అయిపోతుందనగా మా వెనక వరసలో ఆడేవాడొకడు తొందరపడి వాళ్ళవాణ్ణి పడేశాడు. రిఫరీ చేత్తో తెల్లచుక్క చూపించాడు. పెనాల్టీ.

ఒనుకి బంతి పెట్టాడు. నేను కెంగో మోకాళ్ళ వంకే చూశాను, ఒనుకి కూడా అక్కడే చూశాడు. కదల్లేదు. ఒనుకి అడుగులు వేస్తున్నాడు, ఇంకా కదల్లేదు. భయంతో బిగుసుకుపోయాడనుకున్నాడు మంగలాయన, "కదలవయ్యా" అని గొణిగాడు. ఒనుకి కాలు బంతికి తగిలాక కెంగో కుడిపక్కకి పడ్డాడు. బంతి నేలబారుగా వచ్చి అతని చేతికి తగిలి గోల్ కర్రని రాసుకుంటూ బయటికి పోయింది.

మంగలాయన నా చేతులు పట్టుకుని ఏడుస్తున్నాడు. విజిల్ మోగింది. మేము దిగలేదు. అటు చివర చుట్టిపెట్టుకున్న బట్ట అలాగే ఉండిపోయింది.

ఆట అయ్యాక ఆ రోజు మొనగాణ్ణి మైకు ముందు నిలబెట్టి మాట్లాడించడం మా దగ్గర ఆనవాయితీ. మాటలు స్టేడియం మొత్తం వినిపిస్తాయి, టీవీలో కూడా వస్తాయి. అలాంటప్పుడు మొనగాడు తన గొప్ప తాను చెప్పుకోడు. మిగతావాళ్ళ వల్లే అంటాడు, అభిమానుల వల్లే అంటాడు, దణ్ణం పెట్టి వెళ్తాడు. మా ఆయనకి ఈ మర్యాద రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. చెమటా మట్టీ కారుతున్న ముఖంతో మైకు ముందు నిలబడ్డాడు. ఇప్పుడు చెప్పు, నా పేరు చెప్పు, పదేళ్ళు ఎదురుచూసిన నీ పెళ్ళాం పేరు చెప్పు అని మనసులో అనుకున్నాను.

"ఇది నా గొప్ప కాదు" అన్నాడు కెంగో. "ఏడాదంతా ఈ గోల్ కాపాడింది రింతారో. ఒనుకి ఎటు కొడతాడో, ఎలా ఆగితే అటు కొడతాడో చెప్పింది కూడా రింతారోయే. నిన్న సాయంత్రం పని గట్టుకుని చెప్పి పంపాడు. మేము ఈ డివిజన్లో ఉన్నామంటే అది అతని పుణ్యమే. ఆ పేరు గట్టిగా పిలవండి."

పిలిచారు. డప్పులు మోగించి మరీ పిలిచారు. ఒక్క రోజు, ఈ ఒక్క రోజు మా ఆయన పేరు అనాల్సిన నోళ్ళు మళ్ళీ ఆ పేరే అన్నాయి. నాకు కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. నీ రోజు నువ్వు ఎత్తి వాడి దోసిట్లో పోశావు కదరా పిచ్చివాడా అని తిట్టుకున్నాను.

అప్పుడు రింతారో వంక చూశాను. నవ్వడం లేదు. ఎర్ర కండువాల వైపు చూస్తున్నాడు. అక్కడ ఒకడెవడో వాడి పేరు అరిచాడు, మావాళ్ళు అరిచినట్టు కాదు. తర్వాత అందరూ అరిచారు. వాడు కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు, పెట్టిన గుండీ విప్పి మళ్ళీ పెట్టుకుంటున్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుంది. అది మైకులో దాటింది.

తర్వాతి వారం హయాకవావాళ్ళు ఆ చావుబతుకుల పోటీలో మొదటి మ్యాచే ఓడిపోయారు. ఇక వాళ్ళ ఊరంతటికీ దొంగ ఒక్కడే. ఫోన్లలో వాడి గురించి రాసినవి నేను చదవలేకపోయాను, నాలాంటి నోటిదాన్నే చదవలేకపోయాను. వాళ్ళ క్లబ్బు మాత్రం ఎంతో మర్యాదగా రెండు ముక్కలు ప్రకటించింది. వచ్చే ఏడు రింతారోతో ఒప్పందం కొనసాగించడం లేదు, ఇంతకాలం చేసిన సేవకి కృతజ్ఞతలు. మా డైరెక్టరు వాణ్ణి ఉంచుకోవాలనే అనుకున్నాడు. కానీ మా హాస్టల్లో ఇంకో ముగ్గురు హయాకవా నుంచి అరువొచ్చినవాళ్ళే. పెద్ద క్లబ్బుకి కోపం తెప్పించి చిన్న క్లబ్బు ఎలా బతుకుతుంది? చివరికి ఉత్తరాన ఎక్కడో, మంచులో ఉండే మూడో డివిజన్ క్లబ్బొకటి వాణ్ణి తీసుకుంది. మా క్లబ్బు దిగలేదు, దిగింది వాడొక్కడే.

కెంగోకి కొత్త ఒప్పందం ఇచ్చారు. వచ్చే ఏడు మొదటి గోల్‌కీపర్ అతనే. దుకాణాల వీధిలో జెండా కూడా మార్చారు, వెళ్ళి చూసొచ్చాను. నాకు కావలసినవన్నీ వచ్చాయి, ఒక్కటీ మిగల్లేదు.

రింతారో వెళ్ళే రోజు పొద్దున హాస్టల్‌కి కెంగో కూడా వచ్చాడు. వాడు రెండు సంచులు గుమ్మంలో పెట్టి, మా ఇద్దరి ముందు నడుం వంచి చాలాసేపు అలాగే ఉన్నాడు.

"అన్నా, అంతమందిలో నా పేరు చెప్పారు. నా జన్మకి అది చాలు" అన్నాడు.

"దానివల్లే కదరా నీకు..." అని నేనే నోరు తెరిచాను.

"సంతోషంలో నోరు జారింది, అంతేగా వదినా. ఆయన స్థానంలో ఎవరున్నా జారేది. అన్న మనసులో ఏదీ దాచుకోలేరు" అన్నాడు వాడు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. కెంగో వాడి భుజం తట్టి, చలికి తొడుగుల లోపల పల్చటి ఊలు తొడుగులు వేసుకోమని చెప్పాడు. వాడు సరేనని బస్సు కోసం వెళ్ళిపోయాడు.

నేను వంటింట్లోకి వచ్చి గిన్నెలు తోముతూ నిలబడ్డాను. కెంగో సాధనకి వెళ్ళడానికి బూటు లేసులు బిగించుకుంటున్నాడు. ఎంత తోమినా ఆ గిన్నె తెమలడం లేదు.

"వాడు చెప్పొద్దన్నాడని నీకు చెప్పాను కదూ" అన్నాను, వెనక్కి తిరక్కుండా.

"చెప్పావు."

"మైకు ముందు మర్చిపోయావు. అంతే కదా?"

లేసు బిగించిన చప్పుడు వినిపించింది. రెండో బూటు తీసుకున్నాడు.

"ఏడాదంతా నువ్వొక్కదానివే కుళ్ళుకుంటున్నావనుకున్నావా చిగుసా?" అన్నాడు.

మామూలు గొంతుతోనే అన్నాడు, టీ ఊదుకుంటూ మాట్లాడే గొంతుతో. లేచి, తొడుగులు తీసుకుని, సాయంత్రం ఆలస్యమవుతుందని చెప్పి వెళ్ళాడు. ఇన్నేళ్ళూ ఆ మనిషిని చేతకానివాడని తిట్టాను. చేతకానివాడైతేనే బాగుండేది.